ఒక్క లెన్సే కొనగలిగితే నీటి అడుగున ఏది: మాక్రోనా, వైడ్ యాంగిలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఏపీఎస్-సి (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సైజు) సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా, దానితో వచ్చిన 16-50 కిట్ లెన్సు, హౌసింగ్ (కెమెరాను నీటి నుంచి కాపాడే పెట్టె), ఒక స్ట్రోబ్ (నీళ్ళలో వాడే ఫ్లాష్) ఉన్నాయి. డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కోర్సు దాకా అయింది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క లెన్సుకే వస్తుంది. చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో తీసుకోవాలా, విశాలంగా చూసే వైడ్ యాంగిల్ తీసుకోవాలా? పైగా "నాకు రెండూ ఇష్టమే" అన్నారు, అక్కడే చిక్కు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మీ దగ్గరున్న సామానుకి మాక్రో. ఎందుకో వివరంగా చెబుతాను. ఏ సందర్భంలో నా మాట పక్కన పెట్టాలో కూడా చెబుతాను.

నేల మీద దూరంగా ఉన్న పిట్టను టెలీ లెన్సుతో దగ్గరికి లాక్కుంటాం. మధ్యలో ఉన్నది గాలే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. నీళ్ళలో ఆ మధ్యలో ఉన్నదే అసలు సమస్య. నీరు ముందు ఎరుపును మింగేస్తుంది. తేటగా ఉన్న సముద్రంలో కూడా అయిదారు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చాలామంది దీన్ని పైనుంచి కిందికి కొలిచే లోతు లెక్క అనుకుంటారు. నిజానికి లెక్కలోకి వచ్చేది వెలుగు నీళ్ళలో నడిచిన మొత్తం దూరం. స్ట్రోబ్ వెలుగు చేప దాకా వెళ్ళాలి, మళ్ళీ లెన్సు దాకా రావాలి. చేప రెండు మీటర్ల దూరంలో ఉంటే వెలుగు నాలుగు మీటర్లు నడిచినట్టు. అందుకే మామూలు స్ట్రోబ్‌తో రంగులు బాగా నిలబడేది మీటరు, మహా అయితే మీటరున్నర దూరం వరకే. దీనికి తోడు నీళ్ళలో తేలే నలుసులు, ప్లాంక్టన్ కాంట్రాస్ట్‌ను తినేస్తాయి. ఎంత ఖరీదైన లెన్సైనా మధ్యలో మూడు మీటర్ల నీళ్ళుంటే ఫొటో నీలంగా, మసకగా, చదునుగా వస్తుంది.

కాబట్టి ఇక్కడ లెన్సు ఎంచుకోవడమంటే, నాకూ సబ్జెక్టుకూ మధ్య ఉన్న నీటిని ఎలా తగ్గించుకోవాలి అని తేల్చుకోవడమే. మాక్రో లెన్సు చిన్న జీవి దగ్గరికి వెళ్ళనిస్తుంది. వైడ్ లెన్సు పెద్ద జీవి దగ్గరికి వెళ్ళినా అది ఫ్రేములో పట్టేలా చూస్తుంది. నేల మీద వైడ్ అంటే విశాలమైన దృశ్యం కోసం. నీళ్ళలో అదొక్కటే కారణం కాదు. నాలుగు మీటర్ల రెక్కలున్న మాంటా రే అనే చదునైన పెద్ద చేపను 50 మి.మీ. లెన్సుతో పూర్తిగా పట్టాలంటే ఎంత వెనక్కి వెళ్ళాలో ఊహించుకోండి. ఆ దూరంలో మాంటా కాదు, మాంటా నీడ మాత్రమే వస్తుంది. అదే ఫిష్ ఐ (గీతల్ని వంచుతూ అతి వెడల్పుగా చూసే లెన్సు) అయితే అది తల మీదుగా వెళ్తున్నప్పుడు మీటరు దూరం నుంచే తీయొచ్చు. మీ కిట్ లెన్సుతో ఫొటోలు "ఏదోలా" వస్తున్నాయన్నారు. అది పెద్దవాటికీ చాలదు, చిన్నవాటికీ చాలదు కాబట్టి మీరు తెలియకుండానే ఒకటి రెండు మీటర్ల దూరంలో ఆగిపోతున్నారు. తప్పు లెన్సు నాణ్యతది కాదు, ఆ దూరానిది.

ఇక పోర్ట్ (హౌసింగ్‌లో లెన్సు ముందుండే పారదర్శక కిటికీ) సంగతి. ఖర్చు విషయంలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మాక్రో లెన్సుకి ఫ్లాట్ పోర్ట్ చాలు, అంటే చదునైన గాజు. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. దాంతో ఫ్లాట్ పోర్ట్ వెనక ఏ లెన్సైనా దాదాపు మూడో వంతు ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్నట్టు పనిచేస్తుంది. వస్తువు ఉన్న దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. మాక్రోకి ఇది నష్టం కాదు, పైగా సబ్జెక్టు నుంచి కాస్త ఎక్కువ ఎడం దొరుకుతుంది. వైడ్ లెన్సుకి మాత్రం ఇదే పెద్ద దెబ్బ. డబ్బు పోసి కొన్న వెడల్పు అంతా పోతుంది, అంచుల్లో రంగులు చీలిపోతాయి, గీతలు సాగిపోతాయి. చదునైన గాజు గుండా సిద్ధాంతపరంగా 97 డిగ్రీలకు మించి నీళ్ళలోని దృశ్యం కనబడదు, ఆ హద్దుకు చాలా ముందే అంచులు పాడవుతాయి.

అందుకే వైడ్‌కి గోళంలా ఉబ్బిన డోమ్ పోర్ట్ కావాలి. డోమ్ వెడల్పును తిరిగి ఇస్తుంది గానీ ఊరికే ఇవ్వదు. డోమ్ నీళ్ళలో తనే ఒక లెన్సులా పనిచేస్తుంది. ఎంతో దూరంలో ఉన్న వస్తువు ప్రతిబింబాన్ని కూడా డోమ్ వ్యాసార్ధానికి దాదాపు మూడు రెట్ల దూరంలోనే నిలబెడుతుంది. ఎనిమిది అంగుళాల డోమ్‌కి అది గాజు ముందు ముప్పై సెంటీమీటర్లు, నాలుగు అంగుళాల దానికి పదిహేను. అంటే కెమెరా అసలు చేప మీద కాదు, డోమ్ ముందు వేలాడే ఆ ప్రతిబింబం మీద ఫోకస్ చేస్తుంది. కాబట్టి దగ్గరగా ఫోకస్ చేయలేని వైడ్ లెన్సు నేల మీద ఎంత గొప్పదైనా ఇక్కడ పనికిరాదు. పైగా ఆ ప్రతిబింబం వంపుగా ఉంటుంది. మధ్యలో షార్ప్, మూలల్లో మెత్తన. లెన్సు రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/8కి తగ్గకుండా, పెద్ద సెన్సరైతే ఎఫ్/11 లేదా 13 దాకా మూస్తే గానీ మూలలు దారికి రావు. హౌసింగ్ లేకుండానే నీళ్ళలో దిగే పాత నికోనోస్ కెమెరాలు వాడినవాళ్ళకి ఈ తిప్పలు తెలియవు. 1963లో మొదలైన ఆ వరుస కెమెరాల కోసం నికాన్ చేసిన 15 మి.మీ. యూడబ్ల్యూ-నిక్కోర్ లెన్సు ముందు గాజు నేరుగా నీటిని తాకేది. నీళ్ళ కోసమే లెక్కగట్టిన లెన్సు కాబట్టి గాలిలో దాన్ని వాడలేం. ఇప్పుడు మనం నేల మీద లెన్సులకి నీటి కోటు తొడిగి పంపిస్తున్నాం, ఆ తేడా డోమ్ ధరలో కనబడుతుంది.

మీ విషయంలో తక్కెడను మాక్రో వైపు వంచింది మాత్రం స్ట్రోబ్. మాక్రోకి ఒక స్ట్రోబ్ చాలు. సబ్జెక్టు పోర్ట్‌కి పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి స్ట్రోబ్‌ను పోర్ట్ పైన, కొంచెం ముందుకి వంచి పెడితే వెలుగు మొత్తం దాని మీదే పడుతుంది. నీరు తక్కువ, నలుసులూ తక్కువ. షట్టర్ 1/200, ఐఎస్ఓ 100 లేదా 200, ఎఫ్/11 నుంచి 16 మధ్య. ఇలా పెట్టుకుంటే చుట్టూ ఉన్న వెలుగుతో పనే లేదు. ఆ రోజు మబ్బు పట్టినా, విజిబిలిటీ మూడు మీటర్లే ఉన్నా ఫొటో దాదాపు ఒకేలా వస్తుంది. నేర్చుకునేవాడికి దీనికి మించిన వరం లేదు. ఏది మారిస్తే ఏమైందో వెంటనే తెలుస్తుంది.

వైడ్‌లో రెండు వెలుగుల్ని ఒకేసారి సంభాళించాలి. వెనకున్న నీలం నీటి వెలుగు షట్టర్, ఐఎస్ఓల చేతిలో ఉంటుంది, ముందున్న పగడం రంగు స్ట్రోబ్ చేతిలో ఉంటుంది. ఒక స్ట్రోబ్‌తో తీస్తే సగం ఫ్రేము వెలిగి సగం చీకటవుతుంది. రెండు కొన్నా, వాటిని లెన్సు పక్కనే పెట్టి నేరుగా ముందుకి కొడితే పొగమంచులో కారు హై బీమ్ వేసినట్టే. నలుసులన్నీ తెల్లటి చుక్కలై ఫొటో నిండా కురుస్తాయి. దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. స్ట్రోబ్‌లను చేతులు చాపినంత వెడల్పున పెట్టి, డోమ్ అంచు కంటే కాస్త వెనక్కి జరిపి, కొద్దిగా బయటికి తిప్పాలి. వెలుగు శంకువు అంచు మాత్రమే సబ్జెక్టును తాకాలి, లెన్సుకూ దానికీ మధ్య ఉన్న నీళ్ళు చీకట్లోనే ఉండాలి. చెప్పినంత తేలిక కాదు. ప్రవాహంలో కొట్టుకుపోతూ, తాబేలు ఇటు తిరిగేలోపు రెండు స్ట్రోబ్‌ల చేతులూ సర్దడం అలవాటవడానికి టైమ్ పడుతుంది.

బయన్సీ (నీళ్ళలో ఒకేచోట తేలి నిలవడం) మాట కూడా చెప్పుకోవాలి. దీన్ని ఎవరూ లెన్సు లెక్కలో వేయరు. మాక్రోలో 1:1 దగ్గర (జీవి అసలు సైజులోనే సెన్సర్ మీద పడే చోట) ఎఫ్/16 పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా అంతకు పదింతలు పైకి లేస్తారు. ఆటోఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి కెమెరా వెనకున్న బ్యాక్ బటన్‌కి మార్చుకోండి. ఒకసారి ఫోకస్ లాక్ చేసి, శరీరాన్ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపుతూ కంటి మీద షార్ప్‌నెస్ వచ్చిన క్షణంలో నొక్కండి. దీన్ని నిలకడగా చేయాలంటే ఇసుకను కాళ్ళకు తొడిగిన ఫిన్లతో రేపకుండా, పగడాన్ని మోకాలితో తాకకుండా ఒకేచోట తేలడం రావాలి. అది రాకపోతే ముందు కెమెరా లేకుండా కొన్ని డైవ్‌లు చేయండి. ఒక రొయ్య ఫొటో కోసం ఏళ్ళపాటు పెరిగిన పగడం కొమ్మను విరిచేవాళ్ళని చూశాను, వాళ్ళ ఫొటోలు చూడబుద్ధి కాదు. జీవిని పుల్లతో కదిపి "మంచి యాంగిల్"కి తెచ్చే గైడ్లు కూడా ఉంటారు. వద్దని చెప్పండి, వింటారు.

ఇక మాక్రోలో ఏ లెన్సు? మీ సెన్సర్‌కి 50 నుంచి 60 మి.మీ. మాక్రో మొదటి ఎంపిక. 30 మి.మీ. మాక్రోలు చవగ్గా దొరుకుతాయి గానీ 1:1 దగ్గర సబ్జెక్టు పోర్ట్ గాజుకి దాదాపు ఆనుకుంటుంది, స్ట్రోబ్ వెలుగు దూరడానికి సందు ఉండదు. 90, 100, 105 మి.మీ. లెన్సులు బెదిరే జీవులకు అద్భుతం. బొరియలోంచి తొంగిచూసే గోబీ చేప అంత దూరం నుంచైతేనే నిలబడుతుంది. కానీ ఏపీఎస్-సి మీద 105 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు 157 మి.మీ. చూపు, ఫ్లాట్ పోర్ట్ దాన్ని ఇంకా ఇరుకు చేస్తుంది. కొత్తవాళ్ళకి ఫ్రేములో జీవిని వెతుక్కోవడమే సగం డైవ్ అయిపోతుంది. నీళ్ళు మురికిగా ఉంటే ఆ అదనపు ఎడం కూడా నష్టమే. 60 అయితే 1:1కి బాగా దగ్గరికి వెళ్ళాలి, నిజమే, కానీ అదే లెన్సుతో అరచేయంత చేపకి పోర్ట్రెయిట్ కూడా తీయొచ్చు. కప్ప చేప, సముద్ర గుర్రం, గుహలో దాక్కున్న ఆక్టోపస్ అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. రెండు సెంటీమీటర్లు కూడా ఉండని పిగ్మీ సముద్ర గుర్రం లాంటివాటి కోసం తర్వాతెప్పుడైనా ఒక +5 లేదా +10 డయాప్టర్ వెట్ లెన్సు (భూతద్దం లాంటిది) పోర్ట్ ముందు తగిలించుకుంటే సరిపోతుంది.

ఆ వెట్ లెన్సు మాట మీద కొంచెం ఆగాలి. "రెండూ ఇష్టమే" అన్న మీ మాటకి జవాబు బహుశా అక్కడే ఉంది. హౌసింగ్ లోపలి లెన్సును నీళ్ళలో మార్చలేం. మాక్రో పెట్టుకుని దిగిన రోజే వేల్ షార్క్ వస్తుంది, ఇది డైవర్లందరికీ తెలిసిన శాపం. వెట్ లెన్సు మాత్రం పోర్ట్ బయట, నీళ్ళలోనే తగిలించి తీసేయొచ్చు. మీ కిట్ లెన్సు ముందు మంచి వైడ్ వెట్ లెన్సు పెడితే చూపు 130 డిగ్రీల దాకా పోతుంది, గాజు దాదాపు తాకేంత దగ్గర్లో కూడా ఫోకస్ అవుతుంది. అదే పోర్ట్‌కి డయాప్టర్ తగిలిస్తే ఓ మాదిరి మాక్రో. అన్ని కిట్ లెన్సులతోనూ ఇది కుదరదు. హౌసింగ్ కంపెనీ ఇచ్చే పోర్ట్ చార్ట్‌లో మీ లెన్సు, పోర్ట్, వెట్ లెన్సు మూడూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసి కొనండి. ఇంకో చిన్న విషయం: వెట్ లెన్సుకీ పోర్ట్‌కీ మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి. నీళ్ళలోకి దిగగానే ఒకసారి లెన్సు వదులు చేసి బుడగలు పోనిచ్చి మళ్ళీ బిగించాలి, లేకపోతే ఆ డైవ్ ఫొటోలన్నిట్లో ఒకే చోట మచ్చ ఉంటుంది.

అయితే మరి మాక్రో లెన్సే ఎందుకు అంటున్నాను? డయాప్టర్‌తో కిట్ లెన్సు మాక్రో చేయగలదు గానీ ఒకటే ఇరుకు దూరంలో ఫోకస్ అవుతుంది. ముందుకీ వెనక్కీ కొద్దిగా జరిగితే మొత్తం మసక. చిన్న జీవుల మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళకి అది విసుగు పుట్టిస్తుంది. అసలు మాక్రో లెన్సు అనంతం నుంచి 1:1 దాకా ఎక్కడైనా ఫోకస్ అవుతుంది.

నా మాట పక్కన పెట్టాల్సిన సందర్భాలు ఇవి. మీ తర్వాతి ప్రయాణం మాల్దీవుల్లో మాంటాల కోసమో, వేల్ షార్కుల కోసమో అయితే మాక్రో కొనకండి. అవి తరచుగా ఉపరితలానికి దగ్గర్లో, ఎండ వెలుగులోనే దొరుకుతాయి. చాలాచోట్ల వాటి దగ్గర ఫ్లాష్ వాడనివ్వరు కూడా, కాబట్టి ఒకే స్ట్రోబ్ ఉందన్న బాధ లేదు. కిట్ లెన్సు, వైడ్ వెట్ లెన్సు, మాన్యువల్ వైట్ బ్యాలెన్స్ చాలు. ఎర్ర సముద్రంలో 1941లో మునిగిన తిసిల్‌గార్మ్ లాంటి ఓడ శిథిలాలకీ, మెక్సికోలో సెనోటే అనే నీళ్ళు నిండిన గుహల్లో పైనుంచి పడే వెలుగు కిరణాలకీ వైడ్ తప్ప వేరే దారి లేదు. స్నార్కెల్ మీదే ఎక్కువ తీసేవాళ్ళకి కూడా వైడే మేలు, ఊపిరి బిగబట్టి మాక్రో ఫోకస్ చేయడం హింస. ప్రవాహంలో సాగిపోయే డ్రిఫ్ట్ డైవ్‌లో మాక్రో పెట్టుకుంటే గ్రూపు ముందుకి పోతుంది, మీరు ఒక కొండంచు పట్టుకుని వేలాడుతుంటారు, జతగా దిగిన బడ్డీకి టెన్షన్.

దానికి వ్యతిరేకంగా ఇండొనేషియాలోని లెంబే జలసంధి, ఫిలిప్పీన్స్‌లోని అనిలావో లాంటి చోట్లకి వెళ్తుంటే వేరే ఆలోచనే అక్కర్లేదు. లెంబేలో అడుగంతా నల్లటి అగ్నిపర్వత ఇసుక, నీళ్ళు మరీ తేట కాదు, పైపైన చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ మాక్రో ఫొటోగ్రాఫర్లు ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికే పోతారు. కొన్ని చోట్లు రెండిటికీ పనికొస్తాయి. బాలిలోని తులంబెన్‌లో లిబర్టీ ఓడ ఉంది. 1942లో టార్పెడో తగిలి తీరానికి చేరింది, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రంలోకి జారింది. పొద్దున్నే జనం రాకముందు వైడ్‌తో ఓడ తీసి, మధ్యాహ్నం మాక్రోతో అదే ఓడ ఇనుము మీద పాకే న్యూడిబ్రాంకుల్ని (గుల్ల లేని సముద్రపు నత్తల్ని) తీసేవాళ్ళు ఎంతోమంది.

ఫిష్ ఐ, మామూలు వైడ్ మధ్య తేడా కూడా అడిగారు కదా. అది తర్వాతి కొనుగోలు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సముద్రంలో తిన్నని గీతలు తక్కువ కాబట్టి ఫిష్ ఐ వంపు పెద్దగా కనబడదు. చిన్న డోమ్‌తో అది మూలల్లో కూడా బాగుంటుంది, పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న పగడాన్ని పెద్దదిగా, వెనక సూర్యుడిని చిన్నగా ఒకే ఫ్రేములో పెట్టనిస్తుంది. కానీ హామర్‌హెడ్ సొరల్లాగా దగ్గరికి రాని వాటికి ఫిష్ ఐ వాడితే ఫ్రేము మధ్యలో చీమంత కనబడతాయి. వాటికి ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 16-35 లాంటి జూమ్ (మీ సెన్సర్‌కి సుమారు 10-24), పెద్ద డోమ్ కావాలి. డోమ్ కొనేటప్పుడు మొదటిసారికి అక్రిలిక్ చాలు. గీతలు త్వరగా పడతాయి నిజమే, కానీ బయటి వైపు సన్న గీతలు నీళ్ళలో దాదాపు కనబడవు, తర్వాత పాలిష్ కూడా చేసుకోవచ్చు. పెద్ద డోమ్‌లో గాలి ఎక్కువ కాబట్టి అది కెమెరా ముందు భాగాన్ని పైకి లాగుతుంది. మాక్రో పోర్ట్ దీనికి తలకిందులు, ముందుకి బరువుగా వాలుతుంది. ఒక గంట డైవ్‌లో మణికట్టు నొప్పి పుట్టకుండా ఫ్లోట్ ఆర్మ్స్ (తేలే స్ట్రోబ్ చేతులు) ఒకటి రెండు పెట్టుకోండి.

లెన్సు మార్చే పని పడవ మీద పెట్టుకోకండి. ఉప్పు నీళ్ళు కారే చేతులు, జుట్టు, టవల్ నూలు, ఊగే పడవ. హౌసింగ్ అతుకులో ఉండే ఓ-రింగ్ (రబ్బరు వలయం) మీద ఒక్క వెంట్రుక చాలు హౌసింగ్‌లోకి నీళ్ళు రావడానికి. ముందు రాత్రి, ఆరిన చేతులతో, మంచి వెలుగులో మార్చి, హౌసింగ్‌లో వాక్యూమ్ వాల్వ్ (లోపలి గాలి లాగేసి లీకు పట్టుకునేది) ఉంటే పెట్టి వదిలేసి పొద్దున వాక్యూమ్ తగ్గిపోయిందేమో చూడండి. వాల్వ్ లేకపోతే కొత్త పోర్ట్‌తో మొదటిసారి కెమెరా లేకుండా, లోపల టిష్యూ పేపర్ పెట్టి హౌసింగ్‌ను డైవ్‌కి తీసుకెళ్ళండి. పైకొచ్చాక పేపర్ పొడిగా ఉంటేనే కెమెరా పెట్టండి.

మీ కెమెరా మోడల్, హౌసింగ్ పేరు రాయండి. 50 లేదా 60 మాక్రోకి ఏ పోర్ట్ సరిపోతుందో, పోర్ట్‌ను పొడిగించే ఎక్స్‌టెన్షన్ రింగ్ అవసరమో కాదో చూసి చెబుతాను.